పార్వతీపుర నియోజకవర్గ చరిత్రము – మనకు దాని బోధ

మహాసభ రెండవ దినమున చేసిన ఉపన్యాసము



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుటకు మమ్ము పిలిచి గౌరవించిన ఆహ్వానసంఘము వారికి మా కృతజ్ఞతావందనములు. మాకంటె విద్యాధికులును, వాక్చతురులును, సంఘసేవయందు తల నెరసిన వృద్ధులును ఈ వేదికమీదనే యున్నారు. వారి యెదుట నోరు విప్పుట సాహసమే యగును. అయినను పెద్దల యాజ్ఞ శిరసావహించుట మన యింటి మర్యాద గనుక నిలిచితిమి. తప్పులున్న మన్నింతురు గాక.

“వోటు – మన కర్తవ్యము” అను విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మాకు వ్రాసిరి. ఈ విషయముమీద ప్రతి సంవత్సరమును మనము ఉపన్యాసములు వినుచునే యున్నాము. విని, చప్పట్లు చఱచి, భోజనములు చేసి, యిండ్లకు బోయి, ఎన్నికల నాడు పాతదారినే నడచుచున్నాము. కావున ఈసారి నీతులు చెప్పుట మాని ఒక నియోజకవర్గముయొక్క కథను చెప్పదలచితిమి. అది మన ఆంధ్రదేశమునకు ఉత్తరపుకొసనున్న పార్వతీపురము. అచ్చట 1957వ సంవత్సరమున జరిగిన లోకసభ యెన్నికలో కులము, వోటు, న్యాయస్థానము అను మూడును ఒక్కచోట చేరినవి. కులసంఘము పేర కూడిన మనకు అంతకంటె చదువదగిన పాఠము మాకు కనబడలేదు.

ముందుగా ఆ సీమను గూర్చి రెండు మాటలు. తూర్పుకనుమల పాదమున, నాగావళి పాఱు చోట నున్న ఆ ప్రాంతము కొంత మైదానము, కొంత మన్యము. మైదానమున వరిపొలములు, సంతలు. కొండలమీద జాతాపులు, సవరలు, కొండదొరలు, ముఖదొరలు మున్నగు గిరిజనులు పోడు వ్యవసాయము చేసికొని బ్రదుకు పల్లెలు. బొబ్బిలి, కురుపాము, సాలూరు, మేరంగి మొదలగు జమీందారీలు ఆ ప్రాంతముననే యుండెడివి. ఆ తాలూకాలు 1950 వఱకు విశాఖపట్టణము జిల్లాలోను, పిమ్మట శ్రీకాకుళము జిల్లాలోను, 1979 నుండి విజయనగరము జిల్లాలోను ఉండెను. 2022 ఏప్రిలు 4వ తేదీన పార్వతీపురం మన్యం జిల్లా యేర్పడెను. జిల్లాల పేరులు ఎన్నిమాఱులు మాఱినను, కొండవాని భూమి, మైదానపువాని అప్పు, దొరగారి యధికారము అను మూడు ముడులు మాత్రము ఆ సీమ చరిత్రలో పొడుగునను కనబడుచునే యున్నవి.

ఎన్నికల కథ 1937తో మొదలిడుదము. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ శాసనము ననుసరించి ఆ యేట మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగినవి. అప్పుడు వోటు ఎల్లరకును లేదు. పన్ను కట్టువానికి, ఆస్తి గలవానికి, చదువు వచ్చినవానికి వోటు. 215 స్థానములుగల ఆ సభలో వెనుకబడిన ప్రాంతములకును తెగలకును కలిపి కేటాయించినది ఒకేయొక స్థానము. రాజధాని యంతటను ఉన్న కొండవారికందఱకును ఒక్క పీట యన్నమాట!

ఆ యెన్నికలలో బొబ్బిలియందు ఒక ఆశ్చర్యము జరిగెను. బొబ్బిలి రాజాగారు జస్టిస్ పక్షమునకు నాయకులు; అంతకుముందు మద్రాసు ప్రభుత్వమునకు ప్రధానిగా నుండినవారు. వారిపై కాంగ్రెసు పక్షమున నిలిచినవారు వరాహగిరి వేంకటగిరిగారు. బరంపురమున బుట్టి, బారిష్టరు చదువు చదివి, రైలు కార్మికుల సంఘములలో పనిచేసిన మనుష్యుడు. కోట లేదు, యేనుగులు లేవు. కోట యున్న యూరిలోనే కోటయొడయని గిరిగారు జయించిరి. జమీందారుని యెదుట తలయెత్తి నిలువజాలని రైతు, వోటు చీటి చేతికి రాగానే తన మనసులోని మాటను చెప్పగలిగెను. ఈ గిరిగారినే ఇరువది సంవత్సరములకు అదే సీమలో మఱల చూడబోవుచున్నాము గనుక వారి పేరు జ్ఞాపకముంచుకొనుడు.

స్వాతంత్ర్యము వచ్చెను. 1948లో ఎస్టేటుల రద్దు శాసనము వచ్చెను. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చి, ఇరువదియొక సంవత్సరములు నిండిన ప్రతివానికిని ప్రతియామెకును వోటు నిచ్చెను. ఆస్తి యడుగలేదు, చదువు అడుగలేదు, కులము అడుగలేదు. షెడ్యూల్డు కులములకును షెడ్యూల్డు తెగలకును లోకసభలో స్థానములను ప్రత్యేకించెను. మొదట పది సంవత్సరములకే యుద్దేశించిన ఆ యేర్పాటు పలుమాఱులు పొడిగింపబడి, 104వ సవరణముచే 2030 వఱకు నిలిచియున్నది.

ఈ స్థానములను ప్రత్యేకించుటకు అప్పుడు అవలంబించిన పద్ధతి ఈనాటి యువకులకు తెలియదు గనుక కొంచెము వివరింపవలసియున్నది. నేడు ఒక నియోజకవర్గమునకు ఒకడే సభ్యుడు. 1952లో అట్లు గాదు. దేశమున 401 నియోజకవర్గములనుండి 489 మంది సభ్యులు ఎన్నుకొనబడిరి. అందు 314 ఏకసభ్య నియోజకవర్గములు, 86 ద్విసభ్య నియోజకవర్గములు, ఒకటి త్రిసభ్యము. ద్విసభ్య నియోజకవర్గమున ఒక స్థానము ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యము. వోటరు ఎవరైనను సరే, ఆతని చేతికి రెండు వోటుచీటులు వచ్చెడివి. అభ్యర్థి కొక పెట్టె, పెట్టెమీద గుర్తు. చీటిమీద ముద్ర వేయ నక్కఱలేదు. ఇష్టమైన పెట్టెలో వేసిన చాలును. రెండు వోట్లను ఇరువురికి వేయవచ్చును గాని, రెండును ఒక్కనికే యిచ్చుటకు వీలులేదు. మైదానపువారును కొండవారును, అగ్రహారమువారును మాలపల్లెవారును ఒకే కేంద్రమునకు వచ్చి, రెండు స్థానములకును కలసియే వోటు వేసెడివారు.

ఈ పద్ధతి యెట్టి ఫలమిచ్చెనో చూడుడు. 1952లో విశాఖపట్టణము ద్విసభ్య నియోజకవర్గము. అచ్చటనుండి స్వతంత్రులుగా జయించినవారు ఇరువురు. ఒకరు డాక్టరు లంకా సుందరముగారు. రెండవవారు గాం మల్లుదొరగారు. వీరు అల్లూరి సీతారామరాజుగారి 1922–24 నాటి పితూరీలో అనుచరులు; అండమాను శిక్ష ననుభవించినవారు. ప్రభుత్వము ఏ మనుష్యుని తిరుగుబాటుదారని వేటాడి ద్వీపాంతరము పంపెనో, ఆ మనుష్యుని ముప్పది సంవత్సరములు తిరుగకముందే ప్రజలు ఢిల్లీకి సభ్యునిగా పంపిరి. ఆ యేటనే పార్వతీపురమునుండి యన్. రామశేషయ్యగారు స్వతంత్రులుగా జయించిరి. గిరిగారు పాతపట్టణమునుండి జయించి, నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికశాఖను వహించిరి. బ్యాంకు ఉద్యోగుల తగవులో న్యాయమండలి యిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, అది యుచితము కాదని 1954లో మంత్రిపదవిని విడిచిరి. పదవికంటె మాట గొప్పదని నమ్మిన మనుష్యులని దీనివలన తెలియుచున్నది.

ఇక 1957. పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గ మాయెను. ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు, ఒకటి సామాన్యము. సామాన్యస్థానమును ఆశించి గిరిగారు కాంగ్రెసు పక్షమున నిలిచిరి. మాజీ కేంద్రమంత్రి, కార్మికలోకమున దేశమెల్ల నెఱిగిన పేరు, ఇరువదేండ్ల క్రితము రాజునే యోడించిన చేయి. బిద్దిక సత్యనారాయణ దొరగారును దిప్పల సూరిదొరగారును షెడ్యూల్డు తెగవారమని ప్రకటించి నామినేషను పత్రముల నిచ్చిరి. వోట్లు లెక్కింపగా సత్యనారాయణ దొరగారు మొదట నిలిచిరి. రెండవచోట సూరిదొరగారు నిలిచిరి. గిరిగారు స్వల్పమైన యంతరముచే వెనుకబడిరి.

ఎన్నికల శాసనము చెప్పినదేమనగా: ప్రత్యేకస్థానమునకు అర్హులైనవారిలో ఎక్కువ వోట్లు వచ్చినవానిని ముందుగా ఆ స్థానమునకు ప్రకటింపుము. పిమ్మట మిగిలినవారందఱిలో ఎక్కువ వోట్లు ఎవరికి వచ్చెనో వానిని సామాన్యస్థానమునకు ప్రకటింపుము. అట్లే సత్యనారాయణ దొరగారు ప్రత్యేకస్థానమునకును, సూరిదొరగారు సామాన్యస్థానమునకును సభ్యులైరి. రెండు స్థానములును గిరిజనులవే యయ్యెను!

సభికులారా! ఆ దినమున పలువురు ఏమనుకొనియుందురో ఊహించుట కష్టము గాదు. “వారి స్థానము వారికిచ్చితిమి గదా, మన స్థానమునకు కూడ వచ్చిరేమి?” అని. ఆ “మన” యను చిన్నమాటయందే మొత్తము తగవు ఇమిడియున్నది. సామాన్యమనగా అందఱిది అని నిఘంటువు చెప్పును. ప్రత్యేకింపబడని వారిది అని లోకము చెప్పుకొనును. ఈ రెండర్థములలో ఏది రాజ్యాంగము ఒప్పుకొన్న యర్థమో తేలవలసి వచ్చెను.

గిరిగారు ఎన్నికపిటిషను వేసిరి. విచారణ క్రమముగా సర్వోన్నత న్యాయస్థానము వఱకు వెళ్ళెను. వాదములు ముఖ్యముగా రెండు. మొదటిది: ప్రత్యేకస్థానమునకు తెగవాడనని ప్రకటించి నిలిచినవాడు సామాన్యస్థానమునకు ఎట్లు ఎన్నిక కాగలడు? రెండవది మఱింత విచిత్రమైనది. సూరిదొరగారు అసలు ముఖదొరలే కారనియు, వారి కుటుంబమువారు కొంతకాలముగా దస్తావేజులలో తమను క్షత్రియులమని వ్రాసికొనుచున్నారనియు, క్షత్రియాచారముల నవలంబించిరనియు, కావున వారు తెగను విడిచి క్షత్రియులైరనియు వాదము.

1959వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము అధికసంఖ్యాక న్యాయమూర్తుల యభిప్రాయముచే గిరిగారి అప్పీలును త్రోసివేసెను. మొదటి వాదమునకు సమాధానము: నియోజకవర్గ మొక్కటే, ఎన్నిక యొక్కటే. ప్రత్యేకస్థానమునకు అర్హత గలదని చెప్పుకొన్నంతమాత్రమున ఒక పౌరుడు సామాన్యస్థానముపై తన హక్కును వదలుకొన్నవాడు కాడు. ప్రత్యేకస్థానము ఆతనికి కలిగిన అదనపు రక్షణము. సామాన్యస్థానము అందఱితోపాటు ఆతనికిని గలది.

రెండవ వాదమునకు సమాధానమును మనము చెవులు రిక్కించి వినవలయును. తాను క్షత్రియుడనని వ్రాసికొన్నంతనే యెవడును క్షత్రియుడు కాడు. కులము హిందువులలో పుట్టుకనుబట్టి యేర్పడినది. క్రిందివాడని లోకమనుకొన్న కులమున బుట్టినవాడు తన సంకల్పముచేతను, విద్యచేతను, సంపదచేతను పైకులమున చేరుట అసాధ్యప్రాయము. ఆ పైకులమువారు ఆతనిని తమవానిగా గుర్తించిరా లేదా యనునదే చూడవలసినది. ఇది న్యాయస్థానము చెప్పిన మాటయొక్క సారాంశము. ఇట్టి స్థితి ఎల్లకాలము నిలువవలెనని న్యాయమూర్తులు కోరలేదు. ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పిరి.

ఇప్పుడు మన సంగతికి వత్తము. 1901వ సంవత్సరపు జనగణనలో రిజ్లీ దొరగారు కులములను సాంఘికమైన హెచ్చుతగ్గుల ననుసరించి వరుస పెట్టదలచిరి. అప్పటినుండి దేశమంతట కులసంఘములు లేచినవి. మాది ఫలానా వర్ణమని, మాకు ఫలానా పేరు వ్రాయుడని, మా గోత్రములివియని, మా పురాణమిదియని ప్రతి జనగణనకును అర్జీలు. 1931 జనగణన వఱకు ఇదే పని. బిరుదులు మార్చుకొంటిమి, ఆచారములు మార్చుకొంటిమి, సభలు చేసి తీర్మానములు ముద్రించుకొంటిమి. ఆ వేడుకకు మన పెద్దలు చేసిన వ్యయముతో ఊరికొక పాఠశాల నిలిచియుండెడిది. ఇప్పుడు దారి తిరిగినది. ఎక్కుటకు అర్జీలు పెట్టిన సంఘములే జాబితాలలో చేరుటకు అర్జీలు పెట్టుచున్నవి. 2025 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము రాబోవు జనగణనతోపాటు కులగణనయు చేయుటకు నిర్ణయించెను గనుక, ఈ యర్జీల సంఖ్య పెరుగునే గాని తగ్గదు.

వెనుకబడినవారికి రక్షణము కావలయుననుటను మేము కాదనుట లేదు. న్యాయమైన లెక్క న్యాయమైన పంపకమునకు మొదటి మెట్టు. కాని పైకెక్కుటకు పెట్టిన అర్జీయును, జాబితాలో చేరుటకు పెట్టిన అర్జీయును ఒక్క విషయమున సమానమే. రెండింటను మనము ఇతరులు మనలను గుర్తింపవలెనని చేయి చాచి నిలుచున్నాము. పార్వతీపురపు తీర్పు చెప్పినదియు అదే గదా: కులము ఇతరులు గుర్తించినప్పుడు గలది. మఱి మన చేతిలో, ఎవరి గుర్తింపును కోరనిది ఏది? వోటు. సూరిదొరగారు క్షత్రియులా ముఖదొరలా యని తేల్చుటకు న్యాయస్థానములకు రెండు సంవత్సరములు పట్టెను. వోటరులకు ఆ తేల్చుటతో పనియే లేకపోయెను. వారు చీటిని పెట్టెలో వేసిరి. ఏ చీటి ఏ కులపువాడు వేసెనో చెప్పు గుర్తు ఆ కాగితముమీద లేదు. అన్ని కులములవారి చీటులును ఒకే పెట్టెలో పడినవి.

ఇక గిరిగారి సంగతి. ఓడిన మనుష్యుడు కోపముతో ప్రజలను తిట్టలేదు. 1957లోనే ఉత్తరప్రదేశమునకు గవర్నరైరి. పిమ్మట కేరళకు, మైసూరునకు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి. ఆ రాష్ట్రపతి యెన్నికలో వారు ఓడించినవారు మఱియొక తెలుగువారు, నీలం సంజీవరెడ్డిగారు. ఒక యెన్నికలో ఓటమి జీవితములో ఓటమి కాదని ఇట్టి చరిత్రలు మనకు నేర్పును.

ద్విసభ్య పద్ధతి మాత్రము ఎక్కువకాలము నిలువలేదు. నియోజకవర్గములు అతివిశాలములగుచున్నవనియు, అభ్యర్థికి తిరుగుటయు వ్యయమును భారమనియు ఆక్షేపణములుండెను. 1961లో శాసనముచే ఆ పద్ధతి రద్దయ్యెను. 1962 నుండి పార్వతీపురము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడిన ఏకసభ్య నియోజకవర్గ మయ్యెను. ఆ యేట బిద్దిక సత్యనారాయణగారే మరల జయించిరి. పరిపాలనకు సౌకర్యమే కావచ్చును. కాని సామాన్యస్థానమునకు గిరిజనుడు అందఱి వోట్లతో ఎక్కిన ఆ మెట్టు అటుపిమ్మట అరుదయ్యెను. ప్రత్యేకస్థానము వారిది, సామాన్యస్థానము మనది యను భావము దేశమున మఱింత గట్టిపడెను.

అయితే, సోదరులారా, ఈ కథను ఇచ్చటనే ముగించినచో మిమ్ము మోసగించినవార మగుదుము. “చూచితిరా, మనవాడు గెలిచినచో చాలును, అన్నియు చక్కబడును” అని మీరు తలపవచ్చును. చక్కబడలేదు. 1957లో ఆ సీమనుండి ఇరువురు గిరిజనులు లోకసభలో కూర్చుండిరి. కొండవాని భూమి మాత్రము షావుకారి చేతిలోనే యుండెను. ఏజెన్సీ భూముల బదిలీని అరికట్టుటకు 1917లోనే శాసనము పుట్టినది. 1959లో, ఆ తీర్పు వచ్చిన సంవత్సరముననే, రాష్ట్రప్రభుత్వము క్రొత్త నిబంధనను చేసెను. కాగితముమీద రెండును చక్కగానే యుండెను; కొండమీద అప్పుపత్రమే చట్టముగా నడచెను. 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడి గ్రామమువద్ద, గిరిజనసంఘ మహాసభకు పోవుచున్న కోరన్న, మంగన్న అను ఇరువురు భూస్వాముల పక్షమువారి తుపాకిగుండ్లకు బలియైరి. అటుపిమ్మట శ్రీకాకుళపు కొండలలో రేగిన అగ్నిని మీరెఱుగుదురు. ఎందఱు గిరిజనులు, ఎందఱు చదువుకొన్న యువకులు అందు నశించిరో! 1970లో ఆ నిబంధనను సవరించి, ఏజెన్సీలోని భూమి గిరిజనులదే యని మొదట భావింపవలెననియు, అది గిరిజనులమధ్యనే చేతులు మాఱవలెననియు కట్టుదిట్టము చేసిరి. ఆ సవరణము ముందే వచ్చియుండినచో, వచ్చినది అమలు జరిగియుండినచో, అంత రక్తము ప్రవహింపకుండెడిది.

కావున మనవాడు పీటమీద కూర్చుండుట ఒక పని. కూర్చున్నవానిని ఐదు సంవత్సరములును లెక్క యడుగుట మఱియొక పని. మొదటిది ఒక్కదినపు పని గనుక మనకు ఇష్టము. రెండవది నిత్యకృత్యము గనుక మనకు కష్టము.

ఆ నియోజకవర్గపు తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదము. 1977, 1980, 1984 ఎన్నికలలో వరుసగా వైరిచర్ల కిశోరచంద్రదేవుగారు, 1989లోను 1991లోను శత్రుచర్ల విజయరామరాజుగారు జయించిరి. 2004లో కిశోరచంద్రదేవుగారు మరల జయించిరి. పార్వతీపురము పేర జరిగిన లోకసభ యెన్నికలలో అదియే కడపటిది. నియోజకవర్గముల పునర్విభజనచే 2009 నుండి ఆ స్థానమునకు బదులు అరకు నియోజకవర్గ మేర్పడెను. పాలకొండ, కురుపాము, పార్వతీపురము, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరము అను ఏడు శాసనసభాస్థానములు గలిసి, కొండల వెంబడి నాగావళినుండి గోదావరి వఱకు సాగినది. 2009లో అచ్చటనుండి జయించిన దేవుగారు కేంద్రమున గిరిజనవ్యవహారముల మంత్రియైరి. 2014లో కొత్తపల్లి గీతగారు, 2019లో గొడ్డేటి మాధవిగారు, 2024లో గుమ్మ తనూజారాణిగారు జయించిరి. వరుసగా ముగ్గురు స్త్రీలు! చట్టసభలలో స్త్రీలకు మూడవవంతు స్థానముల నుద్దేశించిన 106వ రాజ్యాంగ సవరణము 2023లో గాని రాలేదు. మన్యపు వోటరులు దానికొఱకు వేచియుండలేదు. మన మహాసభ వేదికమీద ఈ దినమున ఎందఱు స్త్రీలు కూర్చున్నారో ఒక్కమాఱు తల త్రిప్పి చూచుకొందము.

ఇంతవఱకు పరుల కథ చెప్పితిమి. ఇప్పుడు మా తప్పు నొకదానిని చెప్పుకొననిచో ఈ యుపన్యాసము వట్టి పురాణ మగును.

కొన్నేండ్లక్రిందట ఒక యెన్నికకు ముందు ఒక అభ్యర్థి పక్షమువారు మా యూరి సంఘమందిరమునకు వచ్చిరి. “మీ కులము వోట్లెన్ని?” అని యడిగిరి. మేము లెక్క చెప్పితిమి. నిజము చెప్పవలెనన్న, ఉన్నదానికి కొంత కలిపియే చెప్పితిమి. గంపగుత్తగా వోట్లు వేయించినచో విద్యార్థి వసతిగృహమునకు స్థల మిప్పింతుమనిరి. సంఘము పెద్దల మైదుగురము కాగితముమీద సంతకములు చేసితిమి. వీధిలోని వారి నెవరినైనను అడిగితిమా? లేదు. మా యింటిలోని వారినైనను అడిగితిమా? లేదు.

ఎన్నిక ముగిసినది. వారు జయించిరి. స్థలము రాలేదు. మేము పోయి యడుగగా, పోలింగు కేంద్రములవారీ లెక్కల కాగితమును మా ముందు పఱచి, “మీ వీధిలో మాకు పడినవి ఇన్నియే గదా! మీరు చెప్పినవి ఎన్ని?” అనిరి. తల వంచుకొని తిరిగివచ్చితిమి. ఇంట ఈ మాట చెప్పగా మా పెద్దకోడలు, వడ్డన చేయుచునే, “మామయ్యగారూ, నా వోటు మీరెప్పుడు అమ్మినారండీ? నాతో చెప్పనేలేదే!” అనెను. కోపముతో అన్న మాట గాదు, నవ్వుచునే యనెను. అందుచేతనే మఱింత లోతుగా నాటుకొన్నది. ఆ వీధివారు మా సంతకమును లెక్కచేయక తమకు తోచినట్లు వోటు వేసిరి. వారు చేసినదే సరి. బొబ్బిలి రైతు రాజుగారి విషయమున చేసినదానినే మా వీధివారు మా విషయమున చేసిరి. మేము రాజులము కాము గాని, ఆ దినమున రాజులమనుకొంటిమి.

ఇట్లు చేయుట అవివేకమే గాదు, శాసనవిరుద్ధమును కావచ్చును. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య శాసనము, వోటు విషయమున ఒకనిని కులబహిష్కారముతో బెదరించుట అవినీతికరమైన యెన్నిక ప్రవర్తనమని స్పష్టముగా చెప్పుచున్నది. అభ్యర్థియొక్కగాని వోటరులయొక్కగాని కులమును చూపి వోటడుగుటయు అట్టిదేయని 2017లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. సంఘము పేర ఆజ్ఞాపత్రములు ముద్రించి పంచు పెద్దలు ఈ రెండు సంగతులను గుర్తుంచుకొనుట మేలు.

కావున ఈ మహాసభవారు ఆలోచించి తీర్మానింపదగినవని నాలుగు విషయములను మనవి చేయుచున్నాము. మొదటిది: ఇకమీదట మన సంఘము ఏ యెన్నికలోను ఏ పక్షమునకును వోట్లను వాగ్దానము చేయరాదు. మనవి కాని వస్తువులను మనము ఇయ్యజాలము. రెండవది: ప్రతి గ్రామశాఖయు పదునెనిమిది సంవత్సరములు నిండిన ప్రతివారి పేరును, ముఖ్యముగా క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్ర పేరులను, పనికై పొరుగూళ్ళకు పోయి వచ్చువారి పేరులను, వోటర్ల జాబితాలో చేర్పించు పనిని నెత్తిన వేసికొనవలయును. మూడవది: అభ్యర్థులందఱిని ఒకే వేదికమీదికి పిలిచి, మన వీధి మంచినీరు మొదలు వసతిగృహము వఱకు ఒకే ప్రశ్నలను బహిరంగముగా అడుగవలయును, వారి సమాధానములను వ్రాసియుంచి, సంవత్సరమున కొకమాఱు చదివి వినిపింపవలయును. నాలుగవది కొంచెము కష్టమైనది. మనకులమువాడు కాకున్నను, మనకంటె క్రింది మెట్టుననున్నాడని మనలో కొందఱు తలచు కులమువాడైనను, యోగ్యుడు సామాన్యస్థానమునకు నిలిచినచో, “మన స్థానమునకు వచ్చినాడు” అను మాట మన మందిరములలో వినబడరాదు.

పోషకమహాశయులతో ఒక మాట. తమ ధనముచేతనే ఈ మహాసభ జరుగుచున్నది, తమ ధనముచేతనే ఈ సంచిక అచ్చగుచున్నది. అందులకు సంఘము తమకు ఎంతయు ఋణపడియున్నది. తమలో కొందఱు రాజకీయపక్షములలో పలుకుబడి గలవారును గలరు. ఆ పలుకుబడిని సంఘముకొఱకు వినియోగింపుడు, సంతోషింతుము. సంఘమును ఆ పలుకుబడికి పెట్టుబడిగా మాత్రము వినియోగింపకుడని చేతులు మోడ్చి వేడుకొనుచున్నాము. కటువుగా తోచినచో, ఈ మాట మాకు మేము చెప్పుకొన్నదిగా నెంచి క్షమింపుడు.

పార్వతీపురము పేర నిప్పుడు లోకసభస్థానము లేదు. ఆ ద్విసభ్య పద్ధతియు లేదు. చీటికి బదులు యంత్రపు మీట వచ్చినది. కాని తెరవెనుక నిలిచిన ఆ ఒక్క నిమిషము మాఱలేదు. అచ్చట కులపెద్ద లేడు, దొర లేడు, మామగారు లేరు. ఉన్నది ఒక మనుష్యుడు, ఆతని మనసు. ఆ యేకాంతమును మన సంఘము గౌరవించినచో, ఈ మహాసభ సార్థకమైనదని మేము భావింతుము.

 మన బిడ్డలకు మనకంటె మంచిబుద్ధి కలుగుగాక. శుభమస్తు.